రోక్‌ఫోర్ లాంటి చిన్న ఫ్రెంచ్ ఊరు ఒక్క చీజ్ మీద ఎలా బతుకుతోంది?

ప్రధానంగా పక్కనున్న కొండ వల్ల. దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరోన్ ప్రాంతంలో, కొంబలూ అనే సున్నపురాయి కొండను ఆనుకుని ఉందీ ఊరు. జనాభా వెయ్యి లోపే. ఎప్పుడో ఆ కొండ అంచు విరిగిపడి గుహలు, సన్నని పగుళ్లు ఏర్పడ్డాయి. పగుళ్ల గుండా ఏడాది పొడవునా చల్లటి తేమగాలి వీస్తుంది, ఏసీ పని లేదు! ఊరి పేరే ఉన్న ఇక్కడి గొర్రెపాల చీజ్‌లో నీలి బూజు పెరగడానికి కావాల్సింది అదే.

1411లో రాజు ఆరవ చార్లెస్ ఈ చీజ్‌ను మాగబెట్టే హక్కు ఈ ఊరివాళ్లకే ఇచ్చాడు. 1925లో చట్టమే వచ్చింది: ఇక్కడి గుహల్లో మాగనిది రోక్‌ఫోర్ కాదు. నన్నడిగితే ఊరికి అసలు ఆస్తి ఆ చట్టమే. నీలి చీజ్ ఎవరైనా చేయొచ్చు, ఈ పేరుతో అమ్మలేరు. పాలు మాత్రం చుట్టుపక్కల పల్లెల్లోని లకోన్ జాతి గొర్రెలవి, కాబట్టి డబ్బు ఆ రైతులకూ చేరుతుంది. గుహలు చూడటానికి టూరిస్టులూ వస్తారు.