118.35 అన్నది తూటా పేరు కాదు

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఉంటాను. మా పక్కింటి పెద్దాయన తండ్రి రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీ నుంచి తెచ్చుకున్న వేట రైఫిల్ ఒకటి ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఒకటే గొట్టం, మధ్యలో వంచితే తెరుచుకుంటుంది. గొట్టం అడుగున కిరీటం గుర్తులు, వాటి కింద బి, జి, యు అక్షరాలు, పక్కన 118.35 అనే అంకె ఉన్నాయి. నెల, సంవత్సరం గానీ, తూటా పేరు గానీ లేవు. దీనికి ఏ తూటా సరిపోతుంది?

జవాబు: 118.35 చూడగానే తూటా కొలత అనిపించడం సహజమే గానీ, అది గొట్టం లోపలి వెడల్పును పాత గేజి లెక్కలో చెప్పే అంకె మాత్రమే. 12 బోరు తుపాకి అంటే, దాని గొట్టంలో పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయని అర్థం కదా, ఇక్కడా అదే లెక్క; పౌనుకు 118.35 గుండ్లు తూగాలంటే వెడల్పు 8.64 మిల్లీమీటర్లు ఉండాలి. తనిఖీ చేసినవారు మీ గొట్టంలోకి 8.64 కొలత కడ్డీని దూర్చగలిగారు, దాని తర్వాతి పెద్ద కొలత అయిన 8.89 కడ్డీ దూరలేదు. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగే గాడులు చెక్కి ఉంటాయి. ఆ కడ్డీ తాకేది ఆ గాడుల మధ్య నిలిచిన గట్లను కాబట్టి, గాడుల అడుగుల మధ్య కొలిస్తే వెడల్పు ఇంకా ఎక్కువ వస్తుంది. 9.3 మిల్లీమీటర్ల తరగతి రైఫిళ్ల మీద ఈ అంకె తరచుగా కనిపించడానికి కారణం అదే.

కిరీటం గుర్తులు జర్మనీ 1891లో చేసి 1893 నుంచి అమలు చేసిన పరీక్షా చట్టానివి. యు అంటే తనిఖీ, బి అంటే పరీక్షగా కాల్చడం, జి అంటే మెలికల గొట్టం. 1912 ప్రాంతం నుంచి గేజి అంకెకు బదులు గొట్టం వెడల్పు, తూటా తొడుగు పొడవు మిల్లీమీటర్లలో వేయసాగారు. మీ రైఫిల్ మీద అవి లేవు గనుక అది 1893కూ 1912కూ మధ్యదని చెప్పవచ్చు. ఇంకొన్నేళ్లు ఆలస్యంగా తయారై ఉంటే మీరీ ప్రశ్న అడిగే అవసరమే ఉండేది కాదేమో!

ఆ కాలపు ఒంటిగొట్టపు జర్మన్ రైఫిళ్లలో బాగా వాడుకలో ఉన్న తూటా 9.3×72 ఆర్. ఇందులో 9.3 గుండు వెడల్పు, 72 తొడుగు పొడవు, రెండూ మిల్లీమీటర్లలో; చివరి ఆర్ తొడుగు అడుగున అంచు ఉందని చెబుతుంది. నా ఊహ కూడా అదే. అయితే ఇదే వెడల్పుతో 70, 80, 82 మిల్లీమీటర్ల తొడుగులు కూడా ఉండేవి కాబట్టి ఊహను నమ్మి తూటాలు కొనకండి. గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో పట్టినంత మాత్రాన అది సరైన తూటా అయిపోదు. పొడవైన గదిలో పొట్టి తూటా హాయిగా కూర్చుంటుంది.

నమ్మదగిన దారి తూటా గది అచ్చు తీయడం. సెరోసేఫ్ అనే మిశ్రలోహం 71 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది కాబట్టి, వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించవచ్చు. అందులో సీసం, కాడ్మియం ఉంటాయి, అందుకని వంటగిన్నెలు వాడకుండా గాలి ఆడే చోట చేయండి. గదిని శుభ్రంగా తుడిచి, గాడులు మొదలయ్యే చోటుకు కాస్త ముందుగా గుడ్డ ఉండను బిగించి, లోహాన్ని పోయండి. గట్టిపడిన అచ్చును అరగంటలోపు బయటికి తీయాలి, ఎందుకంటే అది మొదటి అరగంట కుంచించుకుపోయి ఆ తర్వాత వ్యాకోచిస్తుంది. గంట గడిచేసరికి గది అసలు కొలతకు వస్తుంది, కొలవవలసింది అప్పుడే. 9.3×72 ఆర్ అయితే అంచు వెడల్పు సుమారు 12.3, అంచుకు పైన సుమారు 10.9, మూతి దగ్గర 9.8 మిల్లీమీటర్లు వస్తాయి, మధ్యలో ఎక్కడా భుజం, అంటే ఒక్కసారిగా సన్నబడే మలుపు, లేకుండా నున్నగా సన్నబడుతుంది.

అదే అయితే మీకు అదృష్టమే. చెక్ దేశపు సెలియర్ అండ్ బెలో కంపెనీ ఆ తూటాను ఈ కాలంలోనూ తయారుచేసింది. కానీ అది పాత నల్లమందు కన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే, పొగ రాని మందుతో నింపినది. మీ గొట్టం మీద కిరీటం కింద ఎన్ గుర్తు, అంటే ఆ మందుతో పరీక్షించామన్న ముద్ర, లేదు. గొట్టాన్నీ, అది మూసుకునే బిగింపునూ తుపాకుల మిస్త్రీకి చూపించకుండా ఒక్క తూటా కూడా పేల్చవద్దు. అచ్చులో పొడవు 72 కాక మరేదైనా వస్తే మూతి, అడుగు, అంచు కొలతలతో మళ్లీ రాయండి.