వీరగల్లు పక్కన పెట్టే పలక మీద ఏమి రాయాలి?

ప్రశ్న: మా ఊరికి వచ్చే తారురోడ్డు పక్కన, తుమ్మచెట్టు కింద, సగం భూమిలో కూరుకుపోయిన బొమ్మరాయి ఉంది. కత్తి పట్టిన మనిషి, అతని కాళ్ల దగ్గర ఆవులు కనిపిస్తాయి. పెద్దలు దాన్ని పల్నాటి బాలచంద్రుడి రాయి అంటారు. త్వరలో రోడ్డు వెడల్పు చేస్తారట. రాయిని బడి ఆవరణలోకి మార్చి, రంగులు వేయించి, పక్కన చరిత్ర పలక పెట్టాలని యువకులం అనుకుంటున్నాం. పలక మీద ఏమి రాయమంటారు?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: ముందు రంగుల ఆలోచన మానుకోండి. రంగు గీతల్లోకి దిగితే సన్నని చెక్కడం పూడిపోతుంది. తర్వాత గీకి తీయబోతే చెక్కడమే ఊడివస్తుంది. ఎవరైనా పసుపు కుంకుమలు పెట్టి మొక్కుతుంటే మాత్రం వారిని ఆపకండి. ఆ రాయి ఇన్నాళ్లు మిగిలింది అలాంటి వారి వల్లే.

మీరు రాసినదాన్నిబట్టి అది వీరగల్లు. పోరులో చనిపోయిన మనిషి కోసం ఊరు నిలబెట్టిన రాయి. చాలా వీరగల్లుల్లో అరలు కింది నుంచి పైకి సాగుతాయి. అడుగున పోరాటం, మధ్యలో వీరుణ్ని ఇరువైపులా పట్టుకుని తీసుకెళ్లే అప్సరసలు, పైన శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్న అదే మనిషి. శిఖరాన సూర్యచంద్రులు, వారున్నంత కాలం ఈ పేరు నిలవాలని. ఒక్క అరతో సరిపెట్టినవీ ఉన్నాయి. ఆవులు ఉన్నాయంటే మందను తోలుకుపోతున్న వారికి అడ్డుపడి ప్రాణం ఇచ్చినవాడు అనుకోవచ్చు. పశువే ఆస్తి అయిన రోజుల్లో అది ఊరందరి కోసం చేసిన త్యాగం. నాకైతే ఈ పేరు తెలియని మనిషి ఏ రాజుకూ తక్కువ కాదు.

ఇక బాలచంద్రుడు. ఆయన 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో కారెంపూడి దగ్గర పోరాడినవాడు. అక్కడి వీర్లగుడిలో పల్నాటి వీరులకు ఇప్పటికీ కార్తీకంలో ఉత్సవం జరుగుతుంది. పల్నాటి కథలో ఆవులమందను నరికిన మందపోటు ఘట్టం కూడా ఉంది కాబట్టి, మీ రాయిని ఆ కథతో ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆవుల బొమ్మ ఒక్కటే దానికి సాక్ష్యం కాదు.

సాక్ష్యం ఎంత చెబితే అంతే రాయడం ఎందుకు ముఖ్యమో నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం చూస్తే తెలుస్తుంది. శక సంవత్సరం 1211, దానికి 78 కలిపితే క్రీ.శ. 1289. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి అనే భటుడు సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. అంటే అప్పటికే వారిద్దరూ మరణించారన్నమాట. ఒక సేవకుడు వేయించిన ఆ రాయి దొరికేదాకా రుద్రమ ఇంకా కొన్నేళ్లు పాలించిందనే రాసేవారు. అయితే ఆమె ఎలా చనిపోయిందో ఆ శాసనం చెప్పదు. ఆమెపై తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో మరణించిందన్నది, త్రిపురాంతకంలో అతను వేయించిన శాసనంతో కలిపి చదివి చరిత్రకారులు చేసిన నిర్ణయం. అది బలమైన నిర్ణయమే, అయినా రాయి మీద ఉన్న మాట కాదు.

మీ పలకలోనూ ఆ తేడా కనబడాలి. పైన: "వీరగల్లు. కత్తి పట్టిన వీరుడు, ఆవులు. పశువులను కాపాడుతూ మరణించిన వ్యక్తి స్మారకం కావచ్చు." కింద వేరే వాక్యంగా: "ఇది బాలచంద్రుడి రాయి అని ఊరి పెద్దలు చెబుతారు." రాయి ఏ కాలానిదో నిపుణులు తేల్చేదాకా పలక మీద కాలం వేయకండి. పలకను సిమెంటుతో రాయికి అంటించకండి, రెండడుగులు ఎడంగా నాటండి.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రాయిని ఒకసారి చూడండి. మధ్యాహ్నం కనిపించని అక్షరాలు అప్పుడు నీడ కట్టి తేలుతాయి. తరచు అవి అరల మధ్య పట్టీల మీద ఉంటాయి, మీ రాయికి కొన్ని పట్టీలు మట్టిలో ఉండి ఉండవచ్చు. అక్షరం కనబడితే సుద్దముక్కతో దిద్దవద్దు. శాసన నిపుణులు తడి కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్షుతో గుంటల్లోకి కొట్టి, సిరా పూసి అచ్చు తీస్తారు. భారత పురావస్తు సర్వే శాసన విభాగం మైసూరులో ఉంది, ఫొటోలు పంపి అడగవచ్చు.

రాయిని మార్చడం చివరి మార్గం. అది ఉన్న చోటు కూడా చరిత్రే, పాత దారో, ఊరి పొలిమేరో, పోరు జరిగిన బీడో కావచ్చు. వందేళ్లు దాటిన శిల్పం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అందుకే రోడ్డు పనులు మొదలవకముందే ఫొటోలతో కలెక్టరుకూ, రాష్ట్ర పురావస్తు శాఖకూ అర్జీ పెట్టండి, రోడ్డును రెండు గజాలు పక్కకు జరపగలరేమో అడగండి. కుదరకపోతే శాఖవారి సమక్షంలోనే తవ్వించండి. తీసే ముందు రాయి ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందో, రోడ్డుకు ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ కొలతలు పలక మీద కూడా రాయించండి.