మావారి స్నేహితులతో ఆర్‌వీలో మెక్సికో మళ్ళీ వెళ్ళాలా?

ప్రశ్న: నాకు 63, మావారికి 68. ఫీనిక్స్ దగ్గర ఉంటాం. రిటైరయ్యాక ఆయన ఒక పాత మోటార్‌హోమ్ (లోపలే పడకా వంటగదీ ఉండే బండి, ఆర్‌వీ అనేది కూడా దీన్నే) కొన్నారు. పోయిన చలికాలం మావారి ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితుడు, ఆయన భార్య, మా వీధిలోని అమెరికన్ దంపతులు, మేము మూడు బండ్లలో మెక్సికో పడమటి వైపు ద్వీపకల్పం బాహా కాలిఫోర్నియా అంతా తిరిగొచ్చాం. సముద్రం, తిమింగలాలు, అక్కడి మనుషులు, ఆ ఎర్ర పూల షర్బత్తు అన్నీ నచ్చాయి. కానీ ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో అంతా ఆ స్నేహితుడి ఇష్టమే. ఒకరోజు సాంటా రొసాలియా దాటేసరికే చీకటి పడిపోయింది, రోడ్డు మీద ఆవులు. ఆపేద్దాం అన్నాను. మావారు వాకీటాకీలో "మా ఆవిడకి భయమేస్తోందిరా" అన్నారు, అందరూ నవ్వారు. ఆయనకి గుండెలో స్టెంట్ ఉంది. ఆరుగురికీ వంట దాదాపు రోజూ నాదే. ఈసారి మూడు నెలలట, లా పాజ్ నుంచి ఫెర్రీ ఎక్కి మజట్లాన్, అక్కణ్ణించి ఇంకా కిందికి. నన్ను అడక్కుండానే సరే అనేశారు. మా అమ్మాయి వద్దంటోంది, పిల్లల్ని చూసుకోవడానికి తన దగ్గరికి రమ్మంటోంది. నేను కాదంటే అందరి సరదా పాడుచేసినదాన్నవుతాను. ఆయన్ని పంపించేసి నేను అమ్మాయి దగ్గర ఉండిపోనా?

జవాబు: ముందు ఆ "భయం" అన్న మాట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పుడు ప్రతి వాదనా దాని చుట్టూనే తిరుగుతున్నట్టుంది. టిహ్వానా నుంచి కాబో సాన్ లూకాస్ దాకా సుమారు 1,700 కిలోమీటర్లు సాగే ఆ ఒకటో నంబరు హైవే 1973లో పూర్తయింది. చాలాచోట్ల రెండే లేన్లు, పక్కకి దిగడానికి మట్టి అంచు కూడా ఉండదు, ఎదురుగా లారీ వస్తే అద్దాలు రాసుకుంటాయేమో అన్నంత ఇరుకు, దానికి తోడు కంచెల్లేని పొలాల్లోంచి ఆవులు తిన్నగా తారు మీదికి వచ్చి నిలబడతాయి. నల్లావు చీకట్లో కనపడేసరికి అంత పెద్ద బండికి బ్రేకు వేసే టైముండదు. ఏళ్ళ తరబడి బాహా వెళ్తున్నవాళ్ళని ఎవర్నడిగినా మొదట చెప్పేది చీకట్లో నడపొద్దనే. అమెరికా ప్రభుత్వం తన ఉద్యోగుల్నే మెక్సికోలో పొద్దుపోయాక ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు మీద వెళ్ళనివ్వదు. ఆ రాత్రి మూడు బండ్లలో ఉన్న ఆరుగురిలో సరిగ్గా ఆలోచించింది మీరొక్కరే, నవ్వించుకున్నదీ మీరే.

ఆ నవ్వు మిమ్మల్ని ఇన్ని నెలలైనా వదల్లేదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. నవ్విన నలుగురి గురించి నేనేమీ అనను, వాళ్ళకి అది వాకీటాకీలో వినపడ్డ ఒక జోకు. మీ పక్క సీట్లో కూర్చుని ఆ మాటని బయటికి పంపింది మీ భర్త. మీరు ఆయనకి చెప్పారు, ఆయన ఊరందరికీ చెప్పారు. మీరు బండి ఆపమన్నారు, ఆయన దాన్ని మీ స్వభావం గురించిన కబురుగా మార్చేశారు. దెబ్బ తగిలింది అక్కడ. కాబట్టి స్నేహితుడి మీద ఎన్ని ఫిర్యాదులు చేసినా మీవారు ఆయన్ని వెనకేసుకొస్తూనే ఉంటారు, చివరికి మీరిద్దరూ ఆ మూడో మనిషి గురించి పోట్లాడుకుంటూ కూర్చుంటారు.

మీవారి వైపు నుంచి కూడా ఒక మాట. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నలుగురూ సలహా అడుగుతుండే మనిషి, ఇప్పుడు ఫోను మోగితే అది ఫార్మసీ వాళ్ళ నుంచే. పైగా గుండెకి స్టెంటు. అలాంటి మనిషిని దాదాపు యాభై ఏళ్ళనాటి స్నేహితుడు "ఒరేయ్, పద" అంటే ఇరవై ఏళ్ళ కుర్రాడైపోతాడు, ఆ కుర్రాడికి భార్య మాట విని బండి పక్కకి ఆపడం నామోషీ. ఇది ఆయన్ని వదిలేయడానికి కారణం కాదు, ఎప్పుడు మాట్లాడాలో తెలుసుకోవడానికి పనికొస్తుందంతే. స్నేహితుడి ముందు మాట్లాడితే ఆ కుర్రాడే జవాబిస్తాడు. అందుకని ఇంట్లో, ఇద్దరే ఉన్నప్పుడు, సామాన్లు సర్దే హడావుడి మొదలవకముందే కూర్చోబెట్టండి. "ఆ రోజు నేను మీకు చెప్పుకున్నాను, మీరు నన్ను వాళ్ళకి అప్పజెప్పారు, మళ్ళీ అలా చేయొద్దు" అని ఇంతే చెప్పండి. వంట గురించి, అమ్మాయి గురించి, ఎప్పుడో వాళ్ళ అక్క పెళ్ళిలో జరిగినదాని గురించి ఆ రోజు ఎత్తకండి. (ఏదో ఒక పాత పెళ్ళి ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.) ఆయన "అబ్బే, సరదాకి అన్నాను" అంటారు. అననివ్వండి. మాట మాత్రం వెనక్కి తీసుకోకండి.

ఇక ప్రయాణం. మూడు నెలల ప్లానంతటినీ ఒకే మాటతో ఒప్పుకోవడమో కాదనడమో చేయాల్సిన పనిలేదు, అందులో రెండు వేర్వేరు ప్రయాణాలున్నాయి. బాహా ఒకటి. ఫెర్రీ దాటి మజట్లాన్ వైపు వెళ్ళడం ఇంకొకటి. మజట్లాన్ ఉన్నది సినలోవా రాష్ట్రంలో, దానికి అమెరికా విదేశాంగ శాఖ "వెళ్ళొద్దు" అనే నాలుగో స్థాయి హెచ్చరిక పెట్టింది. లా పాజ్ ఉన్న దక్షిణ బాహా రాష్ట్రం, బాహా కాలిఫోర్నియా సుర్‌కి ఉన్నది రెండో స్థాయి, అంటే జాగ్రత్తగా వెళ్ళిరండి అని. పైగా అవతలి గట్టుకి బండిని తీసుకెళ్ళాలంటే తాత్కాలిక దిగుమతి పర్మిట్ తీసుకోవాలి, బాహాలో ఆ గొడవే లేదు. ఈ ఏడు ఫెర్రీ వద్దు అని మీరు నిక్కచ్చిగా చెప్పొచ్చు, అందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. లా పాజ్‌లో మీరు ఆగిపోయి, వెళ్ళేవాళ్ళని ఓడ ఎక్కించి చెయ్యి ఊపి రండి.

మూడు బండ్లూ పెళ్ళివారి బస్సుల్లా ఒకదాని వెనక ఒకటి వెళ్ళాలనే రూలు కూడా ఎక్కడా లేదు. రాత్రికి ఎక్కడ కలుసుకోవాలో అనుకోండి చాలు. మీ బండి మధ్యాహ్నం మూడింటికల్లా ఎక్కడుంటే ఆ ఊళ్ళో ఆగుతుంది, వాళ్ళు ముందుకెళ్తే మర్నాడు కలుస్తారు. ఆ రోజు మీరు సాంటా రొసాలియాలోనే ఆగి ఉంటే మర్నాడు పొద్దున్నే ములెహే దాటి కాన్సెప్సియోన్ అఖాతానికి చేరేవాళ్ళు, రెండు గంటల దారి కూడా లేదు, ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు. ఇంకో మాట, బాహాలో ఎల్ రొసారియో నుంచి గెరెరో నెగ్రో దాకా 300 కిలోమీటర్లకి పైగా నమ్మకమైన పెట్రోలు బంకు దొరకదు. అది మీకు తెలిసే ఉంటుంది, కానీ బండ్లు విడివిడిగా వెళ్తే ఆ లెక్క మీ ఇద్దరిదీ అవుతుంది, స్నేహితుడిది కాదు. నా ఉద్దేశం కూడా అదే. ఇన్నాళ్ళూ ఆయన లెక్కల మీద మీరిద్దరూ బతికారు.

"మీరిద్దరూ" అంటున్నాను గానీ, మీరు ఆ బండి నడుపుతారా? ఉత్తరంలో ఎక్కడా లేదు, నడపరనే అనుకుంటున్నాను. నిజానికి ఈ విషయమే నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టింది. స్టెంటు ఉన్న మనిషికి ములెహే దగ్గర ఛాతీ పట్టేస్తే లా పాజ్ దాదాపు 500 కిలోమీటర్లు. దగ్గర్లో చిన్న ఆసుపత్రులున్నాయి, అక్కడికైనా ఎవరో ఒకరు బండి తీయాలి కదా, స్నేహితుడి బండి అప్పటికి ముందు వెళ్ళిపోయి ఉంటే? మీలో ఉన్న టెన్షన్‌లో సగం, రోడ్డు మీద ఏం జరిగినా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే అన్న ఆలోచన నుంచే పుట్టిందని నాకనిపిస్తోంది. ఆరిజోనాలో మోటార్‌హోమ్‌కి మామూలు లైసెన్సే చాలు. ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్ లాట్‌లో మొదలుపెట్టండి, తర్వాత హైవే. మీవారి దగ్గర నేర్చుకోకండి, భార్యాభర్తలు ఒకరికొకరు డ్రైవింగ్ నేర్పుకుని ఇంకా మాట్లాడుకుంటున్న కాపురాలు తక్కువ. ఆ అమెరికన్ దంపతుల్లో ఆవిడ నడుపుతుంటే ఆవిణ్ణి అడగండి, లేదా డబ్బిచ్చి నేర్చుకోండి. మెక్సికోలో అమెరికా కారు పాలసీ చెల్లదు కాబట్టి అక్కడి ఇన్సూరెన్స్ ఎలాగూ విడిగా కొంటారు, అందులో మీరూ డ్రైవరుగా ఉన్నారో లేదో మీరే చూడండి, ఆయన్ని అడగడం కాదు. దారిలో బండి మొరాయిస్తే 078కి ఫోన్ చేస్తే 'ఆంఖెలెస్ వెర్దెస్' అనే ప్రభుత్వ సహాయ వాహనాలు వస్తాయి. ఆ నంబరు మీ ఫోన్లోనూ ఉండాలి.

వైద్యం ఖర్చు గురించి ఇంట్లో ఎవరైనా మాట్లాడారా? 65 దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ ఆరోగ్య బీమా మామూలుగా అమెరికా దాటితే పనిచేయదు. మీవారికి మెడిగ్యాప్ (మెడికేర్‌కి తోడుగా కొనుక్కునే అదనపు బీమా) ప్లాన్ ఉంటే కొన్నిటిలో విదేశాల్లో అత్యవసర వైద్యానికి కొంత ఇస్తారు, అదీ ప్రయాణం మొదలైన మొదటి 60 రోజుల్లో వచ్చిన జబ్బుకే, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల పరిమితితో. స్నేహితుడి ప్లాను మూడు నెలలు. లెక్క మీరే చూసుకోండి. మీకింకా 65 రాలేదు కాబట్టి మీ పాలసీ వేరు, దాన్నీ చదవండి. విమానంలో వెనక్కి తెచ్చే కవరేజీతో కలిపి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, పాత జబ్బుల గురించిన క్లాజు చదవకుండా డబ్బు కట్టకండి. కార్డియాలజిస్టు సరే అనకముందు తారీఖులు ఖాయం చేయొద్దు. స్నేహితుడు "నాకు తెలుసురా, ఏం కాదు" అంటే, తెలిసింది ఆయనకి ఆయన గుండె సంగతి.

వంట దగ్గరికొస్తే, మీరు బాగా వండుతారు కాబట్టే ఇలా అయింది, ఇంకెవరూ కుట్ర చేయలేదు. మొదటి రోజు పులిహోర చేశారు, అందరూ ఆహా అన్నారు, అంతే, ఇరుక్కుపోయారు. బీచ్ మీద, నీళ్ళ కనెక్షనూ డ్రైనేజీ కనెక్షనూ లేనిచోట, ఆరుగురి గిన్నెలు మీ బండిలో కడిగితే మీ మంచినీళ్ళే ముందు అయిపోతాయి, వాడిన నీళ్ళు చేరే మీ గ్రే ట్యాంకే ముందు నిండుతుంది, దాన్ని ఖాళీ చేసే డంప్ స్టేషన్ కోసం బండి తీయాల్సి వచ్చేదీ మీవారికే. ఆయనకి మనసుకన్నా ట్యాంకు లెక్క చెప్తే తొందరగా అర్థమవుతుంది. ఈసారి ఏ బండిలో పొయ్యి ఆ బండిదే, వారానికి ఒక్కరోజు కలిసి తినడం, అది కూడా వంతులవారీగా. మీరు శాకాహారులైతే మీ వంట మీరు చేసుకోక తప్పదు, అక్కడి బీన్స్‌లో పంది కొవ్వు వేయడం మామూలే, అడిగి తినాలి. అన్నట్టు ఆ ఎర్ర షర్బత్తు ఎర్ర గోంగూరదే. అక్కడ ఎండబెట్టిన పూలు సంతల్లో కిలోల లెక్కన అమ్ముతారు, పచ్చడి ప్రయత్నించి చూడండి, మీ ఇద్దరికి మాత్రమే సరిపడా.

అమ్మాయి మాటలో రెండున్నాయి, కలగలిపి వింటున్నారు. నాన్న ఆరోగ్యం గురించి ఆమె భయం నిజం, దానికి జవాబు ఇన్సూరెన్స్ కాగితాలు, రోజువారీ దారి వివరం, సిగ్నల్ లేనిచోట పనిచేసే శాటిలైట్ మెసెంజరు. పిల్లల్ని చూసుకోవడం వేరే విషయం, దానికి వేరే ఏర్పాటు ఆమె చేసుకోగలదు. అక్కడ ఉండాలని మీకు నిజంగా ఉంటే వెళ్ళండి. మీవారి మీద కోపంతో వెళ్తే మూడు నెలలూ మనవల వెనక పరిగెత్తుతూ ఫోను వంక చూస్తూ గడుపుతారు, ఆయన తిరిగొచ్చి "నువ్వే రానన్నావు" అంటారు, ఆ మాటకి మీ దగ్గర జవాబుండదు.

నేనైతే అక్టోబరులో, ఇంకెవరికీ చెప్పకుండా, మీరిద్దరే ప్వెర్తో పెన్యాస్కో వెళ్ళి నాలుగైదు రోజులు ఉండి రమ్మంటాను. మన ఫీనిక్స్ వాళ్ళు రాకీ పాయింట్ అంటారే, అదే. లూక్‌విల్ దగ్గర బోర్డర్ దాటాక 100 కిలోమీటర్లే, సముద్రపు ఒడ్డునే ఆర్‌వీ పార్కులున్నాయి. అది ఉన్న సొనోరా రాష్ట్రానికీ హెచ్చరిక ఉంది, అయితే ఈ దారిలో పగటిపూట వెళ్ళడానికి ప్రభుత్వం తన ఉద్యోగుల్ని అనుమతిస్తుంది, మీరూ పగలే వెళ్ళండి, లూక్‌విల్ బోర్డర్ గేటు రాత్రి మూసేస్తారు కూడా. వెళ్ళేటప్పుడు కొంత దూరం మీరు నడపండి. ఎక్కడ ఆగాలో ఒకరోజు మీరు చెప్పండి, ఒకరోజు ఆయన. స్నేహితుడు లేని బండిలో మీవారు ఎలా ఉంటారో మీకే కాదు, ఆయనకీ తెలియాలి. అది బాగా జరిగితే జనవరిలో బాహా. చీకటి పడ్డాక బండి కదలదు అన్న ఒక్క షరతుకి కూడా ఆయన ఒప్పుకోకపోతే మాత్రం ఎక్కకండి, ఆయన్ని వెళ్ళొద్దని బతిమాలనూ వద్దు, కారణం అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పండి.

ఆ స్నేహితుడి భార్య గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ రాత్రి ముందు బండిలో కూర్చున్నది ఆవిడ. ఒకసారి ఆవిడకి ఫోన్ చేసి, ఈసారి పొద్దుగూకకముందే ఆగిపోవాలనుకుంటున్నాం వదినగారూ, మీరేమంటారు అని అడగండి. మీవారితో మాట్లాడాకే సుమా, ముందు కాదు.