ఎలుకల కొవ్వు కొలిచే పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బి.ఫార్మసీ మూడో ఏడు చదువుతోంది. ఎలుకల ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత అని కొలిచే ల్యాబ్ పనిలోకి వెళ్తానంటోంది. బంధువులు నవ్వుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బంధువులకు ఊబకాయం, షుగర్ మందుల పరిశోధన అని చెప్పండి, అబద్ధమేమీ కాదు. కొత్త మందు వేశాక చిట్టెలుక 3 గ్రాములు తగ్గిందనుకోండి. తగ్గింది కొవ్వా, కండా, నీరా? కాటా ఆ సంగతి చెప్పదు. కండ కరిగించే మందు ఎవరికి కావాలండీ?

అన్నిటికంటే పాత పద్ధతి, ఇప్పటికీ మిగతావాటిని సరిచూసుకునేది, కళేబర విశ్లేషణ. చనిపోయిన ఎలుకను ఓవెన్‌లో ఆరబెట్టి నీరెంతో చూస్తారు. తర్వాత పొడి చేసి, ఈథర్ లాంటి ద్రావకంతో కొవ్వు లాగుతారు. అందుకు వాడే సాక్స్‌లెట్ గాజు పరికరం మీ అమ్మాయికి కాలేజీలో పరిచయమే అయి ఉంటుంది. చిక్కల్లా, అదే ఎలుకను వచ్చే వారం మళ్లీ కొలవలేం. డెక్సా స్కాన్‌తో ఆ బాధ లేదు. ఆస్పత్రుల్లో పెద్దవాళ్ల ఎముకలు చూసే ఎక్స్‌రే పద్ధతే అది. కాకపోతే ఎలుక కదలకూడదు కాబట్టి మత్తు ఇవ్వాలి. క్యూఎంఆర్ అనే, అయస్కాంత క్షేత్రంతో కొలిచే పద్ధతికి మత్తూ అక్కర్లేదు. మెలకువగా ఉన్న చిట్టెలుకను సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోకి పంపి, వెనక అడ్డు పెడితే ఒకటి రెండు నిమిషాల్లో అంకెలు వచ్చేస్తాయి. ఎముక సాంద్రత మాత్రం చెప్పదు.

మెషీన్ నడపడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎలుక బెదరకుండా పట్టుకునే చెయ్యి, ఎలుకకిచ్చే మత్తు మీద అదుపు, స్టాటిస్టిక్స్, ఈ మూడూ ఉన్నవాళ్లకే గిరాకీ. ఇప్పటి బి.ఫార్మసీలో జంతు ప్రయోగాలు ఎక్కువగా కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తోనే చూపిస్తున్నారు. అంటే మీ అమ్మాయి ఎలుకను ముట్టుకునే ఉండకపోవచ్చు! నాకు భయమంతా అక్కడే.

దారి సూటిగానే ఉంది. ఎం.ఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాసి, అందులో ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే విభాగం తీసుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ ఫార్మసీ విద్యా సంస్థ నైపర్‌కి కూడా ప్రయత్నించవచ్చు. ఉద్యోగాలకైతే హైదరాబాద్ వైపే చూడాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఊబకాయపు ఎలుకల జాతినే ప్రత్యేకంగా పెంచింది. మందుల, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ ఎటూ ఉంది. బెజవాడ, గుంటూరుల్లోనే ఉండాలంటే కాలేజీలో పాఠాలు చెప్పుకోవడమే.

ముందు ఒక పని చేయండి. లెక్చరర్‌ని అడిగి, దగ్గర్లో అనుమతి ఉన్న యానిమల్ హౌస్‌లో (ప్రయోగాల జంతువులను ఉంచే చోట) ఒక రోజు పని చూడనివ్వమనండి. చాలా ప్రయోగాలు చివరికి ఎలుక ప్రాణంతోనే ముగుస్తాయి, అదీ చూడాలి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మామూలుగా అన్నం తింటే, జీప్యాట్ పుస్తకాలు కొనండి.