టెక్ సందేహాలు: ఇంజన్‌కి దోమతెర కట్టకండి

దాళ్వా కోతలు అయిపోయి కాలువలు కట్టేశారంటే నాకు ఒకే రకం మెయిళ్ళు మొదలవుతాయి. చేలు ఎండి గట్టిపడతాయి. రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేసేవాళ్ళకి ఊరూరా రన్‌వేలు దొరుకుతాయి. ఇంకో నెలకి ఇంజన్లు పోతాయి. ఈసారి వచ్చినవాటిలో మూడు తీసుకున్నాను. మొదటిదే ఎక్కువ చోటు తినేస్తుంది.

రాజోలు నుంచి ఒకరు: "నాది 46 సైజు (0.46 ఘనపుటంగుళాల) గ్లో ఇంజన్, మిథనాల్‌తో నడిచేది. కోసిన వరి చేలో ఎగరేస్తున్నాను. ఒక్క వేసవికే కంప్రెషన్ తగ్గిపోయింది. కార్బ్యురేటర్ మూతికి దోమతెర గుడ్డ రెండు మడతలు కట్టినా దుమ్ము వెళ్తోంది. మంచి ఫిల్టర్ ఏదైనా చెప్పండి."

దోమతెర పని దోమల్ని ఆపడం. దాని కన్ను ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. మీ చేలో లేచే ఒండ్రు పొడి రేణువులు మిల్లీమీటరులో వందో వంతు, అంతకన్నా చిన్నవి కూడా. రెండు మడతలు కాదు, ఇరవై మడతలు వేసినా వాటికి దారి దొరుకుతుంది. ఇరవై వేస్తే మీ ఇంజన్‌కే గాలి దొరకదు. పైగా గుడ్డ పోగొకటి ఊడిందంటే అది కూడా లోపలికే.

ఈ సైజు ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ రింగులు ఉండవు. అల్యూమినియం పిస్టన్, అది ఆడే ఇత్తడి గొట్టం (స్లీవు), దాని లోపల క్రోమ్ పూత. స్లీవు పైకి వెళ్ళేకొద్దీ కాస్త సన్నబడుతుంది. ప్రొపెల్లర్ని చేత్తో తిప్పితే పైన ఒకచోట పట్టేసినట్టు తెలుస్తుంది కదా, కంప్రెషన్ అంతా ఆ పట్టులోనే ఉంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7. మామూలు అల్యూమినియం 3 కూడా ఉండదు. గ్లో ఇంధనంలో మిథనాల్‌తో పాటు ఆముదమో సింథటిక్ ఆయిలో ఉంటుంది. ఆముదంలో సన్న ఇసుక కలిపితే ఏమవుతుంది? సానపట్టే ముద్ద అవుతుంది. మీరు ఒక వేసవంతా లోపల సాన పట్టారు.

ఇప్పుడు ఫిల్టర్ సంగతి. ఇదే జాతి ఇంజన్ బొమ్మ కారులో వస్తే నూనె పట్టించిన ఫోమ్ ఫిల్టర్ డబ్బాలోనే ఇస్తారు. విమానానికి మాత్రం ఇవ్వరు. పైన గాలి శుభ్రంగా ఉంటుంది, కింద తారో పచ్చికో ఉంటుంది అని తయారీదారుల లెక్క. మాన్యువల్లో తొంభై హెచ్చరికలు రాసినవాడికి మట్టి నేల అన్న మాట ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. లోకంలో విమానం ఎగరేసే ప్రతివాడికీ సిమెంటు రన్‌వే ఉందనుకుంటారు కాబోలు.

అయినా సగం నిజం అందులోనే ఉంది. పైకి లేచాక మీ ఇంజన్‌కి దుమ్ము బాధ దాదాపు లేదు. అది మింగేదంతా నేల మీదే. మీరు మోకాళ్ళ మీద కూర్చుని, విమానం ముక్కు నేలకి జానెడు ఎత్తులో పెట్టి, ఫుల్ థ్రాటిల్లో నీడిల్ (ఇంధనం పాళ్ళు సరిచేసే మర) తిప్పుతూ రెండు నిమిషాలు గడుపుతారు చూడండి, అప్పుడు. ప్రొపెల్లర్ కింద నుంచి దుమ్ము లేపి వెనక్కి కొడుతుంది. దాని వెనకే కార్బ్యురేటర్ నోరు తెరుచుకుని ఉంటుంది.

కాబట్టి ఫిల్టర్ కన్నా ముందు నేల చూడండి. ధాన్యం మీద కప్పే బరకం ఒకటి పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, దాని మీదే స్టార్ట్ చేయండి. ఇంకా మంచిది నడుమెత్తు బల్ల. నులక మంచం మాత్రం వద్దు, ఊడిన నులక ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. ముక్కు గాలికి ఎదురుగా ఉంచితే లేచిన దుమ్ము వెనక్కి పోతుంది. పరుగు మొదలయ్యే చోట నాలుగు బిందెల నీళ్ళు చల్లండి. కళ్ళం అలికి కళ్ళాపి చల్లేవాళ్ళకి ఇది తెలిసిన విద్యే. గాడ్జెట్ అడిగితే కళ్ళాపి చెబుతున్నాడేంటని అనుకోకండి, ఈ పేజీలో నేను చెప్పిన చాలా గాడ్జెట్లకన్నా ఇది బాగా పనిచేస్తుంది. నేల మీద ఇంజన్‌తో నడిపించకుండా విమానాన్ని చేత్తో మోసుకెళ్ళి పరుగు గీత మీద పెట్టండి. దిగాక చక్రాలు నేల తాకగానే ఇంజన్ ఆపేసి, నడిచి వెళ్ళి తెచ్చుకోండి.

అప్పటికీ ఫిల్టర్ కావాలంటే బొమ్మ కార్ల ఫోమ్ కొని, ఫిల్టర్ ఆయిల్ పట్టించి, ప్లాస్టిక్ ట్యాగుతో గట్టిగా బిగించండి. గాలి తగ్గుతుంది కాబట్టి మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే ఇంధనం పాలు ఎక్కువవుతుంది, నీడిల్ మళ్ళీ సరిచేసుకోవాలి. గిన్నెలు తోమే స్పాంజి కోసి పెట్టకండి, ఇంధనంలో నానితే పొడిపొడి అయిపోయే రకాలున్నాయి.

దుమ్ముకి రెండో దారి ఇంధనం. నింపే ట్యూబు కొస మట్టిలో పడుతుంది, లాగు మీద తుడిచి మళ్ళీ ట్యాంకుకి పెడతారు. సీసాకీ ట్యాంకుకీ మధ్య ఒక ఫిల్టర్ ఉండాలి. సీసా మూత తీసి వదిలేయకండి, మిథనాల్ గాలిలో తేమని లాగేసుకుంటుంది, మన దగ్గర తేమకి కరువా! కూల్ డ్రింకు సీసాలో మాత్రం ఎప్పుడూ పోయొద్దు. తాగితే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు.

విమానం ముక్కు మట్టిలో గుచ్చుకుందా? ప్రొపెల్లర్ తిప్పి చూడొద్దు. అందరూ ముందు చేసేది అదే. ఒక్క చుట్టుతో గీతలు పడిపోతాయి. ఇంజన్ విప్పి, బయట కడిగి, కార్బ్యురేటర్, వెనక ప్లేటు తీసి లోపల కడిగాకే తిప్పండి.

భీమవరం నుంచి మరొకరు: "మా ట్రాన్స్‌మిటర్‌కి కొత్త ఫర్మ్‌వేర్ అని వాట్సాప్ గ్రూపులో ఫైల్ వచ్చింది, రేంజ్ పెరుగుతుందట. సెట్టింగులు మార్చుకోవడానికి ఒక యాప్ ఏపీకే కూడా పెట్టారు. వేసుకోవచ్చా?"

వద్దు. రెండూ వద్దు.

పైన రాజోలు ఆయనకి చెప్పని మాట ఒకటుంది, ఇక్కడ చెబుతాను. ఆముదం, దుమ్ము కలిసిన ముద్ద కార్బ్యురేటర్ బ్యారెల్ (గాలి దారిని తెరిచి మూసే తిరుగుడు ముక్క) చుట్టూ పేరుకుంటే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు. మీరు స్టిక్ కిందికి లాగుతారు, ఇంజన్ మాత్రం లాగుతూనే ఉంటుంది. ఇక సిగ్నల్ కూడా పోయిందనుకోండి. విమానంలో ఉండే రిసీవర్లు చాలావరకు, సిగ్నల్ పోతే ఏం చేయాలో చెప్పే ఫెయిల్‌సేఫ్ సెట్టింగు మీరు పెట్టకపోతే, చివరి స్థితినే పట్టుకుని కూర్చుంటాయి. చివరి స్థితి ఫుల్ థ్రాటిల్ అయితే అదే. రెండు కిలోల వస్తువు, నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరిగే ప్రొపెల్లర్, గట్టు మీద నిలబడి చూస్తున్న పిల్లలు. నాకు నిద్ర పట్టనిది ఇంజన్ అరుగుదల గురించి కాదు, దీని గురించి.

అధికారికంగా వచ్చిన అప్‌డేట్ కూడా ఫెయిల్‌సేఫ్ సెట్టింగుని చెరిపేయవచ్చు. చెరిపేశామని అది చెప్పదు, "చిన్న లోపాలు సరిదిద్దాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. ఎవరు చేశారో తెలియని ఫైల్‌ని ఇంకేం నమ్ముతాం? ఏ అప్‌డేట్ తర్వాతైనా సరే, ఇంజన్ ఆపి ఉంచి, థ్రాటిల్ సగంలో పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయండి. కార్బ్యురేటర్‌కి ఉండే థ్రాటిల్ ఆర్మ్ పూర్తిగా మూసే వైపుకి తిరగాలి. కళ్ళతో చూడండి, దాన్ని తిప్పే చిన్న మోటారు (సర్వో) చప్పుడు విని సరే అనుకోకండి.

ఆ ఏపీకే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగిందా? విమానం సెట్టింగులకి మీ ఓటీపీలతో పనేంటి? ఇన్‌స్టాల్ చేసేసి ఉంటే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి యాప్ తీసేయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, ఆలస్యం చేయకండి.

నర్సాపురం నుంచి: "ఎలక్ట్రిక్ అయితే దుమ్ము గొడవ లేదని బ్రష్‌లెస్ మోటారుకి మారాను. అంతర్వేది ఇసుకలో రెండుసార్లు దింపాక కరకరమంటోంది."

గొడవ లేదన్నది అమ్మినవాళ్ళు. మీ మోటారు బయటి గిన్నె నిండా అయస్కాంతాలు. దక్కన్ బసాల్టు రాళ్ళ నుంచి గోదావరి మోసుకొచ్చిన నల్ల ఇసుకలో మాగ్నటైట్ ఉంటుంది. అది మీ మోటారుని వెతుక్కుంటూ వస్తుంది. అయస్కాంతానికీ లోపలి చుట్టకీ మధ్య సందు మిల్లీమీటరులో చిన్న వంతు, ఆ కరకర అక్కడిదే. గాలి ఊదితే పోదు. గిన్నె విప్పి, జిగురు టేపు అద్ది అద్ది లాగండి. ఉప్పు గాలి తగిలిన బేరింగులు గరగరమంటే మార్చేయండి, నూనె వేస్తే వారం వస్తాయి.

చేలో మందు కొట్టే డ్రోన్లవీ ఇవే మోటార్లు. వాటి వాళ్ళ బాధ ఇంకోటి. మొన్న గట్టు మీద ఒకాయన ఫోన్ పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. ఫోటో తీస్తున్నాడనుకున్నాను. లాగిన్ అయితే తప్ప డ్రోన్ లేవదట, ఆ చేలో సిగ్నల్ లేదట. డ్రోన్ మాత్రం వట్టి మట్టి మీద రెక్కలు చాచి ఉంది. దాని కింద పరచాల్సిన బరకం ఆయన మోటారు సైకిల్ మీద మడత పెట్టి ఉంది.