ట్యాగ్ మీద సంతకం పెడితే పరిహారం హక్కు పోతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. నా దగ్గర 2.6 లక్షల రూపాయల కార్బన్ ఫ్రేమ్ మౌంటెన్ సైకిల్ ఉంది. వచ్చే ఫిబ్రవరిలో దాన్ని న్యూజిలాండ్‌లోని రోటోరువా ట్రైల్స్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాను. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి సింగపూర్ మీదుగా ఆక్లాండ్‌కి వేరే రానుపోనూ టికెట్. పోయిన ఏడాది మా తమ్ముడు స్విట్జర్లాండ్ వెళ్లి వస్తే హైదరాబాద్‌లో దిగేసరికి సైకిల్ ఫ్రేమ్ పగిలి ఉంది. అక్కడున్న సిబ్బందికి నోటితో చెప్పి ఇంటికొచ్చేశాడు. ఇరవై రోజుల తర్వాత మెయిల్ పెడితే, "మీరు ట్యాగ్ మీద సంతకం పెట్టారు, మా బాధ్యత లేదు" అన్నారు. నాకూ అదే జరిగితే ఏం చేయాలి? తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లు సుంకం కట్టమంటారా?

జవాబు: మీ తమ్ముడి విషయంలో ట్యాగ్ సంతకం అంత పెద్ద అడ్డంకి కాదు. అసలు దెబ్బ కొట్టింది ఆ ఇరవై రోజుల ఆలస్యం.

అంతర్జాతీయ విమాన ప్రయాణంలో లగేజీకి వర్తించేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. మన దేశం 2009లో అందులో చేరింది. క్యారేజ్ బై ఎయిర్ చట్టం, 1972కి మూడో షెడ్యూల్‌గా అది మన చట్టంలో భాగమైంది. న్యూజిలాండ్, సింగపూర్ కూడా అందులో ఉన్నాయి. దాని 17వ అధికరణం ప్రకారం చెక్-ఇన్ చేసిన లగేజీ విమానంలో ఉండగా గానీ, ఎయిర్‌లైన్స్ చేతిలో ఉండగా గానీ దెబ్బతింటే బాధ్యత వాళ్లదే. వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర్లేదు.

ఇక ట్యాగ్ సంగతి. సైకిల్ పెట్టె కనబడగానే చాలాచోట్ల 'లిమిటెడ్ రిలీజ్' (అంటే దెబ్బతింటే ఎయిర్‌లైన్స్ బాధ్యత పరిమితం) అని రాసిన ట్యాగ్ కట్టి సంతకం అడుగుతారు. ఒప్పందం 26వ అధికరణం ప్రకారం ఎయిర్‌లైన్స్ తన బాధ్యతను పూర్తిగా వదిలించుకునే షరతు గానీ, ఒప్పందంలో ఉన్న పరిమితి కంటే తగ్గించుకునే షరతు గానీ చెల్లదు. కాబట్టి సంతకంతో మీ హక్కు పోదు. అలాగని దాన్ని ఉత్త కాగితం అనుకోవద్దు. ప్యాకింగ్ సరిగా లేదని మీరే ఒప్పుకున్నట్టు ఆ ట్యాగ్‌ని రేపు చూపిస్తారు. వస్తువులో ముందే ఉన్న లోపం వల్ల నష్టం జరిగితే 17వ అధికరణం వాళ్లని కాపాడుతుంది, ప్రయాణికుడి నిర్లక్ష్యం ఉంటే 20వ అధికరణం కింద పరిహారం తగ్గుతుంది. అందుకే పెట్టె మూసే ముందు ఫ్రేమ్‌కి నాలుగు వైపులా, ఫోర్క్‌కి, గేర్లు మార్చే డిరేలర్‌కి, లోపల పెట్టిన ఫోమ్‌కి ఫోటోలు తీయండి. కౌంటర్ దగ్గర మూసిన పెట్టెతో ఒక వీడియో తీయండి. నేను చూసినంతలో ఇలాంటి కేసుల్లో వాదన కంటే ఈ ఫోటోలే ఎక్కువ పని చేస్తాయి.

పరిహారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2024 డిసెంబర్ 28 నుంచి అది ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క కట్టే ప్రమాణం. కోర్టు తీర్పు రోజున ఉన్న మారకం రేటుతో రూపాయల్లోకి మారుస్తారు. ఇప్పటి రేట్లలో సుమారు 1.75 లక్షల నుంచి 2 లక్షల మధ్య అనుకోండి. ఇది పెట్టెకి కాదు, మనిషికి. సూట్‌కేసు, సైకిల్ రెండూ దెబ్బతిన్నా అన్నిటికీ కలిపి అంతే. పైగా అది గరిష్ఠం మాత్రమే, వచ్చేది అసలు నష్టం మేరకే. మూడేళ్లు తొక్కిన సైకిల్‌కి కొత్త ధర ఎవరూ ఇవ్వరు.

మీ సైకిల్ ధర ఆ పరిమితిని దాటుతోంది కాబట్టి మీకు ఒక దారి ఉంది, దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ. 22వ అధికరణం కింద లగేజీ అప్పగించేటప్పుడే దాని విలువను ప్రత్యేకంగా ప్రకటించి, ఎయిర్‌లైన్స్ అడిగిన అదనపు రుసుము కడితే, వాళ్ల బాధ్యత మీరు ప్రకటించిన మొత్తం దాకా పెరుగుతుంది. ఆ రోజు కౌంటర్లో అడిగితే కుర్రాళ్లు తెల్లమొహం వేస్తారు. అందుకని ముందే మెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబును ప్రింట్ తీసుకెళ్లండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే పాలసీలో క్రీడా సామగ్రికి విడిగా ఎంత పరిమితి పెట్టారో చూశాకే డబ్బు కట్టండి.

ఇక గడువులు. లగేజీ దెబ్బతింటే అది చేతికొచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లోపు. 31వ అధికరణం ఈ విషయంలో చాలా కఠినం. ఎయిర్‌లైన్స్ మోసం చేసిందంటే తప్ప, గడువు దాటితే కేసే వేయలేరు. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. అందుకే బెల్ట్ దగ్గరే పెట్టె తెరిచి చూడండి. హోటల్‌కి వెళ్లి చూద్దాంలే అనుకోవద్దు. ఏదైనా తేడా ఉంటే అక్కడే లగేజీ కౌంటర్లో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించి కాపీ తీసుకోండి. అదే రోజు నష్టం వివరాలు, ఫోటోలతో ఒక మెయిల్ కూడా పెట్టండి. మీ తమ్ముడికి ఆ రోజు పీఐఆర్ కాగితం ఏదైనా ఇచ్చారేమో ఇల్లంతా వెతికించండి. అందులో నష్టం రాసి ఉంటే అదే రాతపూర్వక ఫిర్యాదు అని వాదించవచ్చు. లేకపోతే ఆశ పెట్టుకోవద్దనే నా సలహా.

కేసు వేయడానికి దిగిన రోజు నుంచి రెండేళ్లు గడువు. ఎక్కడ వేయాలన్నదాంట్లో మీకో అనుకూలత ఉంది. రానుపోనూ టికెట్‌కి 'గమ్యం' అంటే ప్రయాణం మొదలైన ఊరేనని కోర్టులు స్థిరంగా చెబుతున్నాయి. అంటే ఆక్లాండ్‌లో పగిలినా హైదరాబాద్‌లో కేసు వేయవచ్చు. వినియోగదారుల కమిషన్ కూడా అలాంటి కేసు వినవచ్చని, మాంట్రియల్‌కి ముందున్న వార్సా ఒప్పందం కింద వచ్చిన ట్రాన్స్ మెడిటరేనియన్ ఎయిర్‌వేస్ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ, విమానయాన శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన ఎయిర్‌సేవా పోర్టల్‌లో గానీ ఫిర్యాదు పెట్టి చూడండి. చాలాసార్లు కమిషన్ దాకా పోకుండానే బేరం కుదురుతుంది.

మీ టికెట్ల ఏర్పాటు మాత్రం నాకు నచ్చలేదు. విజయవాడ-హైదరాబాద్ విడి టికెట్ కొంటే ఆ భాగం దేశీయ ప్రయాణం అవుతుంది. అక్కడ లగేజీ నష్టానికి పరిమితి 20,000 రూపాయలే. పైగా పెట్టె ఏ విమానంలో పగిలిందో తేల్చడమే కష్టం. విజయవాడ నుంచి ఆక్లాండ్ దాకా ఒకే టికెట్‌గా తీసుకుంటే దారిలోని దేశీయ భాగం కూడా అంతర్జాతీయ ప్రయాణంగానే లెక్క. రెండు మూడు వేలు ఎక్కువైనా అదే మేలు. ఒకే టికెట్ మీద రెండు ఎయిర్‌లైన్స్ ఉంటే మొదటి దాన్ని, చివరి దాన్ని, నష్టం జరిగినప్పుడు మోసిన దాన్ని, వీటిలో ఎవరినైనా అడగవచ్చు.

మట్టితో పాటు తెగుళ్లు వస్తాయని న్యూజిలాండ్‌లో మట్టి అంటే భయం. వాడిన సైకిల్‌ని ఆ దేశంలోకి వెళ్లేటప్పుడు నింపే ట్రావెలర్ డిక్లరేషన్‌ పత్రంలో తప్పక చూపించాలి. టైర్లు, పెడళ్లు, బూట్ల అడుగులు మట్టి లేకుండా కడిగి తీసుకెళ్లండి. దాచిపెడితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మీ స్నేహితుల్లో ఎవరిదైనా ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్ అయితే బ్యాటరీ ఇంట్లోనే ఉంచాలి. 160 వాట్-అవర్ దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో చేతి సంచిలోగానీ, చెక్-ఇన్‌లోగానీ ఒప్పుకోరు. ఈ సైకిళ్ల బ్యాటరీలు దాదాపు అన్నీ దానికి మించే ఉంటాయి.

కస్టమ్స్ గురించి టెన్షన్ వద్దు. మీ సొంత సైకిల్‌ని వెంట తీసుకెళ్లి వెంట తెచ్చుకుంటే సుంకం ఉండదు, కానీ అది ఇక్కడి నుంచే తీసుకెళ్లిందని మీరు చూపించగలగాలి. బయల్దేరేటప్పుడు పెట్టె కౌంటర్లో ఇచ్చేయకముందే విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారిని కలిసి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. కొన్న బిల్లు, ఫ్రేమ్ అడుగున ఉండే సీరియల్ నంబర్ చూపించాలి. అందుకని పెట్టెని తెరవడానికి వీలుగా ఉంచి, టేపు చుట్టేది ఆ తర్వాతే చేయండి. ఈ పనికి మామూలు కంటే ఒక గంట ముందే విమానాశ్రయానికి చేరుకోండి. న్యూజిలాండ్‌లో కొత్తగా కొన్న చక్రాలో ఫోర్కో బిగించుకుని వస్తే అవి మాత్రం మీ డ్యూటీ-ఫ్రీ పరిమితిలో లెక్కకొస్తాయి, వాటి బిల్లులు విడిగా ఉంచుకోండి.