సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే ఏమి చేయాలి?

మౌనాన్ని చట్టం తిరస్కరణగానే లెక్కిస్తుంది. గడువు ముగిశాక 30 రోజుల్లోపు అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు పెట్టండి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఆలస్యంగా ఇచ్చే కాగితాలకు పేజీకి రెండు రూపాయలు కూడా అడగకూడదు. 2005 చట్టం సెక్షన్ 7(6) ప్రకారం అవి ఉచితం. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 జరిమానా పడుతుంది. కమిషన్లు ఆ కొరడా బయటికి తీసేది తక్కువే అనుకోండి.

దరఖాస్తు రాయడంలోనూ కిటుకు ఉంది. ‘మా వీధి రోడ్డు ఎందుకు పాడైంది?’ అంటే తప్పించుకుంటారు. ‘ఆ రోడ్డు పని ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు ఇవ్వండి’ అంటే తప్పించుకోవడం కష్టం.